కారు స్పార్క్ ప్లగ్స్ మీరే మార్చాలనుకుంటున్నారా? 108 పీసుల కిట్ వద్దు, ఈ ఐదు టూల్స్ చాలు

అహోబిలం వెళ్లి తిరిగొస్తున్నాం. ఆళ్లగడ్డ దాటి నంద్యాల వైపు వస్తుంటే కారు వణకడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోవడం లేదు, దగ్గుతోంది. ఆపి న్యూట్రల్‌లో పెడితే స్టీరింగ్ ఊగుతోంది. డాష్‌బోర్డ్ మీద పసుపు రంగు ఇంజన్ లైట్ కాసేపు మిణుకుమిణుకుమని, తర్వాత నిలకడగా వెలిగింది. వెనక సీట్లోంచి అమ్మ "ఏమైందిరా?" అంటే "ఏం లేదులే మా" అన్నాను కానీ నాకూ భయమేసింది.

రోజూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ చూసి రాసే పని నాది. ఎప్పుడో టెస్టింగ్ కోసం కొన్న బ్లూటూత్ ఓబీడీ2 స్కానర్ గ్లోవ్ బాక్సులో పడి ఉంది. పక్కకి ఆపి పెట్టి చూస్తే ఫోన్‌లో ఒకటే కోడ్ వచ్చింది: పీ0303. అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. నెమ్మదిగా, గేర్లు మార్చుకుంటూ పాణ్యం చేరాం. అలా నడపడం తప్పని తర్వాత తెలిసింది, ఆ సంగతి కింద చెబుతాను.

స్పార్క్ ప్లగ్స్ మార్చడం నిజానికి అరగంట పని. నాకు రెండు రోజులు పట్టింది. ఇబ్బంది ప్లగ్స్‌తో రాలేదు, నా దగ్గరున్న టూల్స్‌తో వచ్చింది. అందుకే ఈసారి ఫోన్‌కి బదులు టూల్ బాక్స్ గురించి రాస్తున్నా.

ముందు ప్లగ్గేనా అని తేల్చుకోండి

మిస్‌ఫైర్ కోడ్స్ చదవడం తేలిక. పీ0300 వస్తే ఏ సిలిండరో తేలని మిస్‌ఫైర్. పీ0301 నుంచి పీ0304 దాకా వస్తే చివరి అంకె సిలిండర్ నంబర్. కానీ మూడో సిలిండర్ అని తెలిసినంత మాత్రాన ప్లగ్ పోయిందని కాదు. ఇగ్నిషన్ కాయిల్ పోయినా, ఇంజెక్టర్ సరిగా పని చేయకపోయినా అదే కోడ్ వస్తుంది.

ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ ఉంటుంది. కాబట్టి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజన్ ఆపి, చల్లారాక, మూడో సిలిండర్ కాయిల్‌ని ఒకటో దాంట్లో, ఒకటో దాన్ని మూడో దాంట్లో పెట్టండి. కోడ్ చెరిపేసి మళ్లీ నడపండి. కోడ్ పీ0301కి మారితే తప్పు కాయిల్‌ది. పీ0303 దగ్గరే ఉంటే ముందు అనుమానించాల్సింది ప్లగ్‌ని. నాకు అక్కడే ఉంది. సర్వీస్ పుస్తకం చూస్తే నా ప్లగ్స్ 62,000 కిలోమీటర్లు తిరిగాయి. అవి మామూలు నికెల్ ప్లగ్స్. వాటిని సాధారణంగా 30,000 నుంచి 40,000 కిలోమీటర్ల మధ్య మార్చేయాలి. ఇరీడియం అయితే చాలా కార్లలో లక్ష దాకా వస్తాయి.

కాయిల్ ధర ప్లగ్ కంటే చాలా ఎక్కువ. ఈ ఒక్క పరీక్షతో స్కానర్ డబ్బులు నాకు తిరిగొచ్చినట్టే.

108 పీసుల కిట్ ఎందుకు పనికిరాలేదు?

పండగ సేల్‌లో కొన్న 108 పీసుల టూల్ కిట్ ఇంట్లో ఉంది. మెరిసే పెట్టె, లోపల ప్రతి దానికీ ఒక గుంత. "స్పార్క్ ప్లగ్ సాకెట్లు రెండు" అని డబ్బా మీద పెద్దగా రాసి ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు బానెట్ ఎత్తాను. మే నెలలో మా పాణ్యంలో ఆ టైముకి బయటకి రావడమే తప్పు, వేడి ఇంజన్ మీద పని మొదలుపెట్టడం రెండో తప్పు.

మొదటి సమస్య సైజు. కిట్‌లో ఉన్నవి 16 ఎంఎం, 21 ఎంఎం సాకెట్లు. నా కారు ప్లగ్‌కి కావాల్సింది 14 ఎంఎం. రెండో సమస్య గోడ మందం. పక్కింటి అబ్బాయి దగ్గర మామూలు 14 ఎంఎం డీప్ సాకెట్ తెచ్చి పెడితే అది ప్లగ్ బావిలోకే దిగలేదు. మూడోది, ఎలాగో ఒక పల్చటి సాకెట్ సంపాదించి దించితే, ఎక్స్‌టెన్షన్ పైకి లాగినప్పుడు సాకెట్ లోపలే ఉండిపోయింది. దాన్ని బయటికి తీయడానికి గంట పట్టింది.

మూడు ప్లగ్స్ వచ్చాయి. నాలుగోది, అంటే మూడో సిలిండర్‌ది, కదల్లేదు. గత సర్వీసులో ఎవరో కొండంత బలంతో బిగించినట్టున్నారు. నేను రాచెట్ హ్యాండిల్‌కి నీళ్ల పైపు ముక్క తొడిగి లాగడానికి సిద్ధమవుతుంటే, అటుగా టీవీఎస్ ఎక్సెల్ మీద పోతున్న మా వీధి మెకానిక్ మామ బండి ఆపాడు.

"ఏంది నాయనా, ప్లగ్గు ఇప్పుతాండావా, బోరింగు పెరుకుతాండావా?"

"రావట్లేదు మామా."

"రాకపోతే రేపొస్తాది. ఈ పొద్దు ఇరిగితే మాత్రం హెడ్డు దించల్ల. ప్లగ్గు పోతే వందల్లో పోతాది, హెడ్డు పోతే వేలల్లో పోతాది."

ఇంజన్ హెడ్ అల్యూమినియం. ప్లగ్ మరలు ఉక్కు. గట్టి దానికీ మెత్తని దానికీ కుస్తీ పడితే ఓడేది మెత్తనిదే. ప్లగ్‌తో పాటు హెడ్‌లోని మరలు ఊడి వస్తే, లోపల కొత్త మర తొడుగు వేయించుకోవాలి. అదృష్టం బాగాలేకపోతే హెడ్ దించాలి. మామ ప్లగ్ మొదలు దగ్గర నాలుగు చుక్కల తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రాత్రంతా అలాగే వదిలేయమన్నాడు. పొద్దున ఆరు గంటలకు వచ్చి చేత్తో ఇంత వదులు చేసి, మళ్లీ అంత బిగించి, మళ్లీ వదులు చేసి, పది నిమిషాల్లో బయటికి తీశాడు. తీసి నా చేతిలో పెట్టి ఒక మాటన్నాడు.

"ఇప్పేదానికి ఓపిక కావల్ల. బిగించేదానికి లెక్క కావల్ల."

టూల్స్ కొనేటప్పుడు మనం అందరం విప్పడం గురించే ఆలోచిస్తాం. నిజానికి చూడాల్సింది తిరిగి బిగించడం గురించి. కింద చెప్పే ఐదింటినీ నేను ఆ లెక్కతోనే ఎంచుకున్నాను.

1. స్పార్క్ ప్లగ్ సాకెట్: ఇక్కడే ఎక్కువమంది తప్పు కొంటారు

షాపులో "14 ఎంఎం ప్లగ్ సాకెట్ ఇవ్వండి" అంటే గందరగోళం ఖాయం. ప్లగ్‌కి రెండు కొలతలు ఉంటాయి. ఒకటి మర సైజు, రెండోది పానా పట్టే షట్కోణం సైజు. కార్లలో ఎక్కువగా కనిపించే 14 ఎంఎం మర ప్లగ్‌కి పట్టేది 16 ఎంఎం సాకెట్. కొత్త ఇంజన్లలో వచ్చే 12 ఎంఎం మర ప్లగ్స్‌లో చాలావాటికి 14 ఎంఎం సాకెట్ పడుతుంది. 21 ఎంఎం సాకెట్ పాత కార్ల పెద్ద ప్లగ్స్‌కి. కాబట్టి ఎప్పుడూ "పానా సైజు ఇంత" అని అడగండి.

నా కారు పేరు కావాలనే రాయడం లేదు. ఒకే పేరుతో అమ్మే కారులో ఇంజన్ మారితే ప్లగ్ కూడా మారిపోవచ్చు. నా కారు చూసి మీరు కొంటే మీ డబ్బులు పోతాయి. మీ ఓనర్స్ మాన్యువల్‌లో ప్లగ్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌ని ప్లగ్ కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే మర, షట్కోణం సైజులు రెండూ తెలుస్తాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- పల్చటి గోడ: ప్లగ్ బావి ఇరుకుగా ఉంటుంది. "థిన్ వాల్" అని రాసినదే తీసుకోండి.
- అయస్కాంతమా, రబ్బరా: రబ్బర్ రకం ప్లగ్‌ని బాగా పట్టుకుంటుంది, కానీ బిగించాక వదలదు. కొన్నిసార్లు రబ్బర్ ఊడి ప్లగ్ మీదే ఉండిపోతుంది. నా ఓటు అయస్కాంతానికే.
- 6 మూలలా, 12 మూలలా: కొన్ని ప్లగ్స్‌కి 12 మూలల తల ఉంటుంది. వాటికి 6 మూలల సాకెట్ ఎక్కదు. 12 మూలల సాకెట్ అయితే మామూలు షట్కోణం తలకీ పడుతుంది.

నాకు 14 ఎంఎం, 12 మూలలు, అయస్కాంతం, పల్చటి గోడ ఉన్న సాకెట్ రూ. 350కి దొరికింది. ఇందులో బ్రాండ్ కంటే కొలతలు ముఖ్యం.

2. ఎక్స్‌టెన్షన్: సాదాసీదా రాడ్డే, కానీ

నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ప్లగ్స్ లోతైన బావిలో ఉంటాయి. 150 ఎంఎం ఎక్స్‌టెన్షన్ చాలా కార్లకి సరిపోతుంది. సాకెట్ లోపల ఉండిపోకుండా లాక్ అయ్యే రకం దొరికితే అదే తీసుకోండి. లేదంటే సాకెట్‌కీ రాడ్‌కీ కలిపి ఒక చుట్టు ఇన్సులేషన్ టేప్ చుట్టండి. నేను గంటసేపు పడ్డ పాట్లకి మందు ఐదు పైసల టేప్ ముక్క.

మెడ వంగే యూనివర్సల్ జాయింట్ మాత్రం అవసరమైతే తప్ప వాడకండి. సాకెట్ పక్కకి వాలితే ప్లగ్ పైనున్న తెల్లటి పింగాణీ చిట్లుతుంది. ఆ చీలిక కంటికి కనిపించదు. కొత్త ప్లగ్ వేశాక కూడా మిస్‌ఫైర్ పోలేదని జనం తల పట్టుకునేది చాలాసార్లు ఇందుకే.

3. రాచెట్: చిన్నదే మేలు

3/8 అంగుళాల డ్రైవ్ రాచెట్ ఈ పనికి సరైన సైజు. అర అంగుళం రాచెట్‌కి పొడవాటి హ్యాండిల్ ఉంటుంది. ఎంత బలం వేస్తున్నామో చేతికి తెలియదు. అది చక్రాల బోల్టులకి పెట్టుకోండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. రాచెట్ విప్పడానికి మాత్రమే. కొత్త ప్లగ్ ఎక్కించేటప్పుడు రాచెట్ హ్యాండిల్ తీసేసి, సాకెట్, ఎక్స్‌టెన్షన్ మాత్రమే పెట్టి వేళ్లతో తిప్పాలి. మొదట ఎడమవైపు కొద్దిగా తిప్పితే మర ఒకచోట "టిక్" అని కూర్చుంటుంది. అప్పుడు కుడివైపు తిప్పండి. వేళ్లతో సులువుగా దిగుతుంటే మర సరిగా పడినట్టు. ఒకటి రెండు చుట్లకే బిగుసుకుపోతే అడ్డంగా ఎక్కుతున్నట్టు, వెంటనే వెనక్కి తీయండి.

ఇండియాలో టాపారియా, స్టాన్లీ లాంటి కంపెనీల రాచెట్లు నంద్యాల హార్డ్‌వేర్ షాపుల్లోనే దొరుకుతాయి. ఆన్‌లైన్ కోసం ఆగక్కర్లేదు. చేతిలో పట్టుకుని, పళ్ల శబ్దం విని కొనుక్కోవచ్చు.

4. టార్క్ రెంచ్: ఖర్చు ఇక్కడ పెట్టండి

ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా ఇది. పిడి తిప్పి మనకు కావాల్సిన అంకె దగ్గర పెడితే, ఆ బలం రాగానే "క్లిక్" అంటుంది. అక్కడ ఆపేయాలి.

వాషర్ ఉన్న ప్లగ్స్‌కి, అల్యూమినియం హెడ్‌లో, సాధారణంగా చెప్పే లెక్కలివి:

- 14 ఎంఎం మర: 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు
- 12 ఎంఎం మర: 15 నుంచి 20 న్యూటన్ మీటర్లు
- 10 ఎంఎం మర: 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు

వాషర్ లేకుండా కింద వాలుగా ఉండే ప్లగ్స్‌కి ఇంకా తక్కువ చాలు. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఇప్పుడు నేను చేయబోయిన అసలు తప్పు. నంద్యాలలో ఒక ఫ్రెండ్ దగ్గర అర అంగుళం టార్క్ రెంచ్ ఉంటే తెచ్చుకున్నాను. మంచి బ్రాండే. దాని స్కేల్ 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా ఉంది. నా ప్లగ్‌కి కావాల్సింది 18. నేను "అన్నిటికంటే తక్కువలో పెడితే సరిపోతుంది కదా" అనుకుని 28 దగ్గర పెట్టి తిప్పబోయాను. సరిగ్గా ఆలోచిస్తే, క్లిక్ వినిపించేసరికి కావాల్సిన దానికంటే సగానికి పైగా ఎక్కువ బిగించేసి ఉంటాను. పైగా ఈ రెంచ్‌లు స్కేల్ అడుగు భాగంలో అంత కచ్చితంగా ఉండవు. చేతి బలం కంటే ఖరీదైన టూల్‌తోనే హెడ్ పాడు చేసుకునేవాణ్ని. స్కేల్ చదివి ఆగిపోయాను.

కాబట్టి కొనే ముందు డబ్బా మీద అతి తక్కువ అంకె చూడండి. మీకు కావాల్సిన అంకె స్కేల్ మధ్యలో ఎక్కడో పడాలి.

- 10, 12 ఎంఎం మరలకి: పావు అంగుళం డ్రైవ్, 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల రకం.
- 14 ఎంఎం మరకి: 3/8 అంగుళాల డ్రైవ్, 10 నుంచి 60 లేదా ఆ దరిదాపుల రకం.

యూనిట్లు కూడా జాగ్రత్త. కొన్ని మాన్యువల్స్‌లో కిలోగ్రాం మీటర్లలో ఇస్తారు. 1 కిలోగ్రాం మీటర్ అంటే సుమారు 9.8 న్యూటన్ మీటర్లు. రెంచ్ మీద అమెరికా వాళ్ల ఫుట్ పౌండ్స్ కూడా ఉంటాయి. 1 ఫుట్ పౌండ్ సుమారు 1.36 న్యూటన్ మీటర్లు. 18 న్యూటన్ మీటర్లని పొరపాటున 18 ఫుట్ పౌండ్స్ దగ్గర పెడితే 24 దాటిపోతుంది.

పని అయ్యాక పిడిని అతి తక్కువ అంకెకి తిప్పి పెట్టెలో పెట్టండి. లేదంటే లోపలి స్ప్రింగ్ బలం తగ్గి లెక్క తప్పుతుంది. దీంతో బోల్టులు విప్పకండి. నేను పావు అంగుళం రకం రూ. 2,400కి తీసుకున్నాను. ఈ జాబితాలో అన్నిటికంటే ఖరీదైనది ఇదే.

టార్క్ రెంచ్ లేకపోతే? ప్లగ్ డబ్బా మీద ఒక చిన్న బొమ్మ ఉంటుంది, చూడండి. వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ని వేళ్లతో చివరిదాకా బిగించి, అక్కడి నుంచి ఎంత మలుపు తిప్పాలో గీసి ఉంటుంది. చాలావాటికి అది అర మలుపు నుంచి మూడింట రెండు వంతుల మలుపు. వాషర్ ఒకసారి నలిగాక, అదే ప్లగ్‌ని మళ్లీ పెడితే ఆ లెక్క పనికిరాదు, చాలా తక్కువ తిప్పాలి.

5. గ్యాప్ గేజ్: చవకే, కానీ ఇరీడియంతో జాగ్రత్త

ప్లగ్ కొన దగ్గర రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య సందు కార్లలో సాధారణంగా 0.8 నుంచి 1.1 ఎంఎం మధ్య ఉంటుంది. ఆ సందు దాటి నిప్పురవ్వ దూకాలి. ప్లగ్ అరిగే కొద్దీ సందు పెరుగుతుంది, కాయిల్ మీద భారం పెరుగుతుంది. నా పాత మూడో ప్లగ్‌లో సందు 1.4 దాటింది. మాన్యువల్ చెప్పింది 1.0.

వైర్ లేదా రేకుల గేజ్ రూ. 100 నుంచి 200కే వస్తుంది. నాణెం ఆకారంలో ఉండే గేజ్‌ని సందులో దూర్చి తిప్పే పద్ధతి మాత్రం వద్దు. మామూలు నికెల్ ప్లగ్ అయితే పక్క ఎలక్ట్రోడ్‌ని కొద్దిగా వంచి సరిచేయొచ్చు. ఇరీడియం ప్లగ్ మధ్య కొన 0.4 నుంచి 0.6 ఎంఎం మందమే ఉంటుంది. ఇరీడియం 2,446 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు, అంత వేడిని తట్టుకుంటుంది. కానీ పెళుసు. నొక్కితే విరిగిపోతుంది. వాటిని డబ్బాలోంచి తీసినట్టే చూసి పెట్టేయండి.

గాడ్జెట్ ప్రియులకి రెండు ఎక్స్‌ట్రాలు

ఓబీడీ2 స్కానర్: ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్లు కొన్ని వందల రూపాయల నుంచే ఉన్నాయి. ఐఫోన్ వాడేవాళ్లు పాత బ్లూటూత్ రకం కొనకండి, కనెక్ట్ అవ్వదు. వై-ఫై రకమో, ఐఫోన్‌కి పని చేస్తుందని స్పష్టంగా రాసినదో చూసుకోండి. పని అయ్యాక పోర్ట్ నుంచి తీసేయండి, లేదంటే నిలబెట్టిన కారు బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. ఈ పని వరకు చూస్తే పది రెట్లు ధర పెట్టక్కర్లేదు.

ఫోన్ ఎండోస్కోప్ కెమెరా: సన్నటి వైర్ చివర కెమెరా, చుట్టూ లైట్లు. టైప్ సీ పోర్ట్‌లో పెడితే ఆండ్రాయిడ్ ఫోన్‌లో బొమ్మ వస్తుంది. 5.5 ఎంఎం మందం ఉన్నదే కొనండి, ప్లగ్ రంధ్రంలోంచి కూడా దిగుతుంది. ప్యాకెట్ మీద రాసే రిజల్యూషన్ నమ్మకండి. కానీ నాకు ఇది చేసిన మేలు మాత్రం పెద్దది. మొండికేసిన ప్లగ్ బయటికొచ్చాక దాని మొదటి మర మీద అల్యూమినియం పొడి మెరుస్తోంది. హెడ్ పోయిందేమో అని గుండె జారింది. కెమెరా దించి చూస్తే లోపల మరలు చుట్టూ నిండుగా ఉన్నాయి. ఆ ఐదు నిమిషాల ప్రశాంతతకి రూ. 900 ఎక్కువ కాదు.

కొనక్కర్లేనివి

- యాంటీ సీజ్ గ్రీజు: కొత్త ప్లగ్స్‌లో చాలావాటి మరలకి కంపెనీయే పూత వేస్తుంది. గ్రీజు పూస్తే మర జారి, అదే టార్క్ అంకె దగ్గర ఎక్కువ బిగుస్తుంది. పూత ఉన్న ప్లగ్స్‌కి వద్దని ఎన్‌జీకే కూడా చెబుతుంది.
- ఇంపాక్ట్ రెంచ్: బ్యాటరీతో తిరిగేది. ప్లగ్స్ దగ్గరికి రానివ్వకండి.
- ఖరీదైన బ్లోయర్: బేతంచెర్ల, బనగానపల్లె వైపు తిరిగే కార్లకి నాపరాయి దుమ్ము తప్పదు, ప్లగ్ బావి నిండా అదే. ప్లగ్ విప్పక ముందే దాన్ని ఊదేయాలి, లేదంటే నేరుగా సిలిండర్‌లో పడుతుంది. దీనికి పంక్చర్ షాపు గాలి చాలు. సైకిల్ పంపుతో కూడా అవుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి.

ప్లగ్స్ కొనేటప్పుడు

మా మామ ఇప్పటికీ ఏ ప్లగ్‌నైనా "మైకో ప్లగ్గు" అంటాడు. 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరు అది, 2008లో బాష్ లిమిటెడ్‌గా మారింది. పేర్లు మారినా ప్లగ్ మీద నంబరే అసలు సంగతి. ఆ నంబర్‌లో వేడి రేటింగ్ ఉంటుంది. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే ప్లగ్ "చల్లనిది". బాష్‌లో అంకె పెరిగితే "వేడిది". అంటే ఒక కంపెనీ అంకెతో ఇంకో కంపెనీ ప్లగ్ కొంటే తిరగబడుతుంది. కంపెనీ మార్చాలంటే వాళ్ల మ్యాచింగ్ చార్ట్ చూడండి. ఎండలెక్కువ కదా అని చల్లని ప్లగ్ వేసుకోవడం కూడా వద్దు, మాన్యువల్‌లో ఉన్నదే వేయండి.

నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. ధర మరీ తక్కువగా ఉన్నా, డబ్బా మీద అక్షరాలు అలుక్కున్నట్టున్నా, వాషర్ వదులుగా ఊడొచ్చినా వెనక్కిచ్చేయండి. సీఎన్‌జీ కారైతే ప్లగ్స్ మీద భారం ఎక్కువ, మార్చే గడువు తక్కువ ఉండొచ్చు. డీజిల్ కారున్నవాళ్లకి ఈ గొడవే లేదు. వాటిలో ఉండేవి గ్లో ప్లగ్స్, వాటి కథ వేరు.

మొత్తం ఎంతైంది?

సాకెట్ 350, లాక్ అయ్యే ఎక్స్‌టెన్షన్ 300, రాచెట్ 700, టార్క్ రెంచ్ 2,400, పావు నుంచి 3/8కి మార్చే అడాప్టర్ 80, గ్యాప్ గేజ్ 150. కలిపి రూ. 3,980. ఎండోస్కోప్ 900 అదనం. ఇవి నేను కొన్నప్పటి ధరలు, మారుతుంటాయి. నా 108 పీసుల కిట్ ధర రూ. 3,500. అందులోంచి ఈ పనికి ఉపయోగపడింది, కాయిల్ బోల్టులు విప్పడానికి వాడిన 10 ఎంఎం సాకెట్ ఒక్కటే.

బడ్జెట్ తక్కువైతే ముందు సాకెట్, ఎక్స్‌టెన్షన్, గేజ్ కొనండి. రాచెట్ అప్పు తెచ్చుకోండి. టార్క్ రెంచ్‌ని ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి కొనుక్కోవచ్చు, కానీ అందరి ప్లగ్ సైజులు ముందే చూసుకోండి.

ఎవరు చేయకూడదు?

ఇన్‌టేక్ మానిఫోల్డ్ దించితే గానీ ప్లగ్స్ కనిపించని ఇంజన్లు ఉన్నాయి, అవి షెడ్‌కే ఇవ్వండి. చల్లారిన ఇంజన్‌లో మామూలు బలానికి ప్లగ్ కదలకపోతే అక్కడే ఆగండి, పైపు తొడగకండి. ఇంజన్ లైట్ మిణుకుమిణుకుమంటుంటే నాలా ఇంటిదాకా నడపకండి. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండి, దాన్ని పాడు చేస్తుంది. దాని ధర ముందు ప్లగ్, కాయిల్ రెండూ చిల్లరే.

మా తీర్పు

ఆ రోజు మామ నాలుగు ప్లగ్స్‌నీ వట్టి చేత్తో బిగించాడు. టార్క్ రెంచ్ నాలుగు రోజుల తర్వాత వచ్చింది. ఊరుకోలేక పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద పెట్టి చూశాను. 14 దగ్గర పెడితే నాలుగూ కదలకుండానే క్లిక్ అన్నాయి. 18 దగ్గర పెడితే రెండు వెంట్రుకవాసి కదిలి క్లిక్ అన్నాయి. వెళ్లి మామకి చెప్తే నవ్వి, "నీ మిషనీకి నేను పాసైనానా?" అన్నాడు.

పాసయ్యాడు. కానీ ఆయన చేతిలో దశాబ్దాల లెక్క ఉంది. నా చేతిలో లేదు, బహుశా మీ చేతిలోనూ లేదు. ఆ లోటు ఉన్నవాళ్ల కోసమే టార్క్ రెంచ్. మిగతావన్నీ చవక రకం కొన్నా పర్లేదు, సాకెట్ సైజు, టార్క్ రెంచ్ స్కేల్, ఈ రెండింటి దగ్గర మాత్రం రాజీ పడొద్దు. మాన్యువల్ తీసి ప్లగ్ నంబర్ రాసుకున్నాకే షాపుకి వెళ్లండి.

మొన్న మళ్లీ అహోబిలం వెళ్లొచ్చాం. ఆళ్లగడ్డ దాటేటప్పుడు అమ్మ డాష్‌బోర్డ్ వైపు చూసింది. లైట్ వెలగలేదు.